పిచ్చుకల తాతగారికి యాభై ఒక్క మార్కులు

ఫౌండేషన్ వాళ్లకు ఆ ఏడు ఒక కొత్త పిచ్చి పట్టింది. అంతకు ముందు ప్రతిసారీ వాళ్లే దరఖాస్తులు చదివి, వాళ్లలో వాళ్లే తలలూపుకుని, ఊళ్లో పనిచేసే సంస్థల్లో ఎవరికో ఒకరికి గ్రాంటు ఇచ్చేవారు. రానివాళ్లు ఓ నెల్లాళ్లు వాళ్లను తిట్టుకుని ఊరుకునేవారు. తిట్టించుకోవడం విసుగొచ్చిందో ఏమో, ఈసారి ఆ పనిని తీసుకొచ్చి సంస్థల నెత్తినే వేశారు. వడపోతలో మిగిలిన ఎనిమిది సంస్థలూ ఒక హాల్లో కూర్చోవాలట. ఒక్కొక్కరే లేచి తమ పని గురించి చెప్పుకోవాలట. మిగతా ఏడుగురూ వాళ్లకు పదికి మార్కులు వెయ్యాలట. ఎవరికి ఎక్కువొస్తే మూడేళ్ల గ్రాంటు మొత్తం వాళ్లకే. రెండో స్థానం లేదు, ఓదార్పు బహుమతీ లేదు. దీనికి 'భాగస్వామ్య నిర్ణయం' అని పేరు కూడా పెట్టారు. పేర్లు పెట్టడంలో మాత్రం ఫౌండేషన్ వాళ్ల తర్వాతే ఎవరైనా.

ఈ కబురు ఫోన్లో విన్నప్పుడు చెవుల టీచరుకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా పరీక్షలు పెట్టి, పేపర్లు దిద్ది, ఇక నావల్ల కాదని ఉద్యోగం మానేసిన మనిషిని తీసుకెళ్లి మళ్లీ పరీక్షలో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? పైగా పేపరు దిద్దేది పక్క బెంచీ వాళ్లు. వాళ్లకూ అదే పరీక్ష. ఇంతకన్నా బొమ్మా బొరుసూ వేసుకోవడం నయం కదా అని ఆవిడ ఫోన్లోనే అడిగేసింది. అటువైపు నుంచి ఓ నవ్వు వినబడింది, అంతే.

చెవుల టీచరు అన్నది ఊరు పెట్టిన పేరు. ఆవిడ కూడా దాన్ని ఏనాడూ కాదనలేదు. పుట్టుకతో వినపడని పిల్లలకు ఆసుపత్రి వాళ్లు చెవిమిషన్లు పెట్టి పంపేస్తారు. ఇక పిల్ల గలగలా మాట్లాడేస్తుందని తల్లిదండ్రులు సంబరపడిపోతారు. మాట్లాడదు. మిషను చప్పుడు తెస్తుందే కానీ, ఆ చప్పుడు తలుపుదో తల్లిదో చెప్పదు. అది ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఓపిగ్గా, పూటపూటా నేర్పాలి. అదీ చిన్నప్పుడే నేర్పాలి. బాగా పెద్దయ్యాక మొదలుపెడితే అసలు రాదని కాదు, తలకిందులుగా తపస్సు చేసినా సగమే వస్తుంది. మందుల షాపు వెనక రెండు గదుల్లో టీచరు చేసేది ఆ పనే. మాట మోగకుండా గోడలకు పాత బొంతలు దిగ్గొట్టి ఉంటాయి. పిల్లల పక్కనే తల్లులూ కూర్చుంటారు, ఎందుకంటే ఇక్కడ గంటసేపు నేర్చుకున్నదాన్ని ఇంటికెళ్లి రోజంతా చెప్పాల్సింది వాళ్లే.

రైలు పట్టాలే లేకపోతే ఆ పని బాగానే సాగేది. పట్టాలకు అవతల ఓ పెద్ద కాలనీ ఉంది. టీచరు దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది అక్కడివాళ్లే. మధ్యలో ఉన్న గేటు మూసేసి, ఊరి చివర వంతెన కట్టారు. వంతెన లారీలకు బ్రహ్మాండంగా ఉంది. బస్సుల్లో తిరిగేవాళ్లు మాత్రం ఊరంతా చుట్టి రెండు బస్సులు మారాలి. ఒళ్లో పిల్లను వేసుకుని అలా వచ్చి వెళ్లేసరికి పొద్దున్నపూట కాస్తా గోవిందా. పనికి పోకపోతే పొయ్యి వెలగని తల్లులు ఎన్నాళ్లని వస్తారు? ఒక్కొక్కరే మానేస్తూ వచ్చారు. ఆఖరికి టైలరమ్మ కూడా మానేసింది.

టైలరమ్మ కూతురికి నాలుగేళ్లు. వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొడితే తిరిగి చూడడం అప్పుడప్పుడే మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లు వదలకుండా వస్తే మాట దొరికేది. సరిగ్గా ఆ సమయానికి మానేసింది. టీచరు ఉండబట్టలేక వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లింది. టైలరమ్మ కుట్టుమిషను మీంచి లేవకుండానే సంగతి చెప్పింది. రావాలనే ఉందట. వస్తే పని పోతుందట. పని పోతే పిల్ల చెవిమిషనుకు బ్యాటరీలు ఎవరు కొంటారట. దానికి టీచరు దగ్గర జవాబు లేదు. జవాబు లేని మనిషి మాటిచ్చేస్తుంది. ఫౌండేషన్ గ్రాంటు రానీ, బడినే నీ వీధిలోకి తెస్తానని చెప్పి వచ్చేసింది. వారం తిరిగేసరికి టైలరమ్మ తన ముందుగదిలో సగం ఖాళీ చేసి, నేల కడిగి, ఫోటో తీసి పంపింది. ఆ ఫోటో చూసినప్పటినుంచీ టీచరుకు తిండి సహించడం మానేసింది.

అంచేత ఎలాగైనా ఈ గ్రాంటు రావాలి. వస్తే పట్టాలకు అవతల రెండో బడి. రాకపోతే ఆ పిల్ల గతి అంతే. ఇందులో తిరకాసేమీ లేదు.

తిరకాసల్లా ఆ ఎనిమిదింటిలో ఒకటి సొంత బావగారిది కావడం. అక్క మొగుడు. బీమా ఆఫీసులో రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, స్నేహితులను పోగేసి, ఓ పాత వ్యాను కొని, కిడ్నీలు చెడిపోయినవాళ్లను రక్తం శుద్ధి చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే పని పెట్టుకున్నాడు. ఊరంతా ఆయన్ని వ్యాను బావగారు అంటుంది, బావ వరస కానివాళ్లు కూడా. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. రోగి మెట్లు దిగలేకపోతే వీపున వేసుకుని దించిన రోజులున్నాయి. అలాంటి మనిషితో పోటీ అంటే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది.

అక్క ఫోన్ చేసి తెగ ముచ్చటపడిపోయింది. ఎవరికొచ్చినా మనింట్లోకే కదే అంది. టీచరు ఊఁ కొట్టింది. ఊఁ కొట్టడానికేం పోయింది? వ్యానుకు డబ్బొస్తే టైలరమ్మ కూతురికి ఒరిగేదేమిటని మాత్రం ఫోన్ పెట్టేశాక గోడతో అంది.

సమావేశం లైబ్రరీ పై అంతస్తులో. మడత కుర్చీలు గుండ్రంగా వేశారు. గుండ్రంగా కూర్చుంటే అందరూ సమానమేనట. ఫౌండేషన్ తరఫున వచ్చిన మేడమ్ చేతిలోంచి మార్కర్ పెన్ను పొద్దున్నుంచీ దిగలేదు. మనిషి మంచిదే, నవ్వుమొహమే. కానీ ప్రతి మాటకూ ముందు 'మనమందరం' అని తగిలించేది. మనమందరం ఫోన్లు ఆపేద్దాం. మనమందరం ఇప్పుడు టీ తాగుదాం. మనమందరం మనసు విప్పి విందాం. గ్రాంటు మాత్రం మనమందరం తీసుకోం, ఒక్కరే తీసుకుంటారు. ఆ ముక్క ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు కాబట్టి ఆవిడ దాన్ని పైకి అనలేదు.

చీటీలు వేశారు. బావగారిది నాలుగో వంతు, టీచరుది ఐదోది. పిచ్చుకల తాతగారని ఊరు పిలిచే ఓ పెద్దాయనది అన్నిటికన్నా చివర.

బావగారు లేచి గొంతు సవరించుకునేసరికి టీచరు సంచిలోంచి తన కాగితం తీసింది. మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. పిల్లలతో మొదలుపెట్టాలా, పట్టాలతోనా? ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, మంత్రం జపిస్తున్నట్టు. మధ్యలో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఉన్న రక్తదానం సంఘం సెక్రటరీ ఆవిడ వైపు తిరిగి నవ్వాడు కూడా. ఆవిడా మర్యాదకు నవ్వి మళ్లీ కాగితంలోకి దిగిపోయింది. బావగారు చెప్పేదాంట్లో తెలియనిదేముంది? కిడ్నీలు, వ్యాను, డీజిలు, వీపు మీద మోయడం. అక్కింటికి వెళ్లిన ప్రతిసారీ వినే పాటే.

తన వంతు వచ్చాక టీచరు బాగానే మాట్లాడింది. అందరినీ చెవుల్లో దూది పెట్టుకోమని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పి, ఏం విన్నారని అడిగింది. నవ్వారు. తర్వాత పట్టాల సంగతీ, రెండు బస్సుల సంగతీ, టైలరమ్మ సంగతీ చెప్పింది.  కానీ చిత్రం, ఒక్కరూ ఏమీ అడగలేదు. పట్టాలకు అవతలి పిల్లలు అనగానే అందరూ తెలిసిన కథ రెండోసారి వింటున్నట్టు తలలూపారు, ఆ పని ఎప్పుడో అయిపోయినట్టు. టీచరుకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత మొత్తుకున్నా వీళ్లకు చీమ కుట్టినట్టయినా లేదనుకుంది.

టీ దగ్గర సెక్రటరీ ఎదురుపడి, మీకేం లెండి టీచరుగారూ, ఎటు తిరిగినా మీకే అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. బావామరదళ్లు ఇద్దరూ బరిలో ఉన్నారని వీడు దెప్పుతున్నాడు అనుకుంది. రేపు బావగారికి తను మంచి మార్కులు వేస్తే, చూశారా అయినవాళ్లకే వేసుకుంది అని ఊరంతా టాంటాం వేసేది ఇలాంటివాళ్లే. ఆ మాటను ఆవిడ గట్టిగా పట్టుకుంది. అప్పటికప్పుడు అలాంటి మాట ఒకటి దొరకడం ఆవిడకు ఎంత అవసరమో ఆవిడకే తెలియదు.

చివర్న పిచ్చుకల తాతగారు లేచారు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు పనికిరాని చెక్కలతో చిన్న చిన్న గూళ్లు చేసి, అడిగినవాళ్ల ఇళ్ల చూరుకింద తగిలిస్తుంటాడు, పిచ్చుకలు వచ్చి చేరతాయని. సంఘమంటే ఆయనా, ఆయన భార్యా, ఓ రంపమూ. దరఖాస్తు కూడా మనవరాలు సరదాకి పంపిందట. ఆయన ఓ గూడు పైకెత్తి చూపించి, పిచ్చుక ఇందులోంచి వెళ్తుంది, ఇందులోంచే వస్తుంది అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాలో మర్చిపోయి నవ్వేసి కూర్చున్నాడు. అందరికీ ప్రాణం హాయిగా అయింది. ఆ రోజు మొత్తంలో ఎవరికీ భయం పుట్టించని మనిషి ఆయనొక్కడే.

మార్కుల చీటీలు పంచారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ హాల్లో ఉన్నవాళ్లంతా ఊరికి మంచి చేసేవాళ్లే, ఒక్క రూపాయి తినేవాళ్లు లేరు. కానీ చీటీ చేతికి రాగానే ప్రతివాళ్లూ గెలిచేవాళ్లెవరా అని వెతకడం మొదలుపెట్టారు, గెలిపించడానికి కాదు. బలంగా ఉన్నవాళ్లకు చెయ్యి బిగబట్టి నాలుగూ అయిదూ వేశారు. మరీ అందరికీ అలా వేస్తే బాగుండదని, ఎలాగూ గెలవడనుకున్న తాతగారి దగ్గర మాత్రం చెయ్యి జారవిడిచారు. పాపం పెద్దాయన, సంతోషిస్తాడులే అని ఆరూ ఏడూ ఎనిమిదీ వేశారు. టీచరు తొమ్మిది వేసింది.

బావగారి పేరు దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. ఆయనకు ఎనిమిదికి తగ్గకూడదు, ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఎనిమిది వేస్తే అయినవాళ్లకు వేసుకుందంటారు అనుకుంది. ఆరు వేసినా అంటారు అనుకుంది. ఒకసారి దిగడం మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలో తెలియలేదు. టైలరమ్మ ముందుగది కళ్లలో మెదిలింది. రెండు వేసి, చీటీ నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో పడేసింది.  

మేడమ్ మార్కులన్నీ బోర్డు మీద రాసింది, ఎవరు వేశారో లేకుండా, ఎంతెంత పడ్డాయో మాత్రం. పారదర్శకత అట. టీచరు వరసలో నాలుగులూ అయిదులూ బారులు తీరాయి. మధ్యలో ఒక్కటి మాత్రం పది. ఆ పుణ్యాత్ముడు పిచ్చుకల తాతగారే అయ్యుంటాడనుకుంది. మొత్తం ముప్పై తొమ్మిది.  ఇక పైకి చూడాలనిపించలేదు. కానీ టీచరుద్యోగం చేసిన కళ్లు ఊరుకోవు.

బావగారి వరసలో అన్నీ ఎనిమిదులూ ఏడులే. ఎవరికీ ఆయన దగ్గర చెయ్యి బిగబట్టబుద్ధి కాలేదు. చివర్న ఒక్కటి రెండు. మొత్తం నలభై ఎనిమిది. ఆ కింద తాతగారికి యాభై ఒకటి.

తీసివేత ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రెండు స్థానంలో న్యాయంగా పడాల్సిన ఎనిమిది పడి ఉంటే యాభై నాలుగు. వ్యాను గెలిచేది. తను ఎలాగూ గెలవలేదు. తను ఓడి, బావగారిని ఓడించి, మూడేళ్ల గ్రాంటును తీసుకెళ్లి పిచ్చుకల చేతిలో పెట్టింది. వాటికి చేతులు కూడా లేవు.

 హాల్లో చప్పట్లు మొదలయ్యాయి, కొట్టకపోతే బాగుండదని. అందరికన్నా ఎక్కువ బిత్తరపోయింది తాతగారే. ఆయన లేచి మేడమ్ దగ్గరికెళ్లి, అమ్మా నాకింత డబ్బుతో పనిలేదు, రంపానికి పదును పెట్టించుకుంటే చాలు, మిగతాది ఆ వ్యానుకో పిల్లల బడికో ఇచ్చెయ్యండి అన్నాడు. మేడమ్ నవ్వుతూనే కుదరదంది. ఏ పనికి మార్కులు పడ్డాయో ఆ పనికే ఖర్చుపెట్టాలట. పంచడానికి నిబంధన ఒప్పుకోదట. మీరు ఇంకా పెద్దగా ఆలోచించాలి తాతగారూ, ఊరంతటికీ గూళ్లు అని ధైర్యం చెప్పింది. ఊరంతటికీ పిచ్చుకలు ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా అని ఆయన అడిగాడు.  ఆవిడ బోర్డు మీద 'ఊరంతటికీ' అని రాసి కింద గీత గీసింది. అది చూశాక చెవుల టీచరుకు ఏడవాలో నవ్వాలో తెలియక, సంచి తీసుకుని బయటికొచ్చేసింది.

మెట్ల దగ్గర బావగారు అందుకున్నాడు. ఆయన ఓడిపోయినందుకు బాధపడడం లేదు. ఆ రెండు మార్కులు గొంతులో ముల్లులా దిగాయి. నాలుగు వేస్తే అర్థం చేసుకుంటాను, అయిదు వేస్తే నవ్వుకుంటాను, రెండేంటి, రెండు అని పదిసార్లు అన్నాడు. అంత కక్ష నా మీద ఎవరికుంది? తనే జవాబు కూడా చెప్పుకున్నాడు. రక్తదానం సెక్రటరీ. కిందటి నెల ఆసుపత్రి దగ్గర వ్యాను నిలిపే చోటు గురించి ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. పొద్దున్న తను మాట్లాడుతుంటే ఆ నవ్వేంటి? వాడే. నూటికి నూరుపాళ్లూ వాడే.  పోన్లెండి బావగారూ, అయిపోయిందేదో అయిపోయింది అని మాత్రం అంది టీచరు. ఆయన ఆవిడ భుజం తట్టి, నీకు రానందుకే నాకు ఎక్కువ బాధగా ఉందమ్మా అన్నాడు. 

చెప్పేద్దామనుకుంటూనే రోజులు గడిపేసింది. ఎలాగూ తెలిసే దారి లేదు కదా అని ఒక బుద్ధి. తెలియకపోతే మాత్రం అని ఇంకో బుద్ధి. పిల్లల దగ్గర కూర్చున్నా మనసు అక్కడ లేదు. టైలరమ్మ ఫోన్ రెండుసార్లు మోగితే తియ్యలేదు. తీసి ఏం చెప్పాలి, పిచ్చుకలు గెలిచాయనా?

ఆ వారాంతంలో అక్క ఫోన్ చేసింది. ఈసారి ముచ్చట లేదు, ఏడుపొక్కటే తక్కువ. ఈయన నడిబజారులో ఆ సెక్రటరీని పట్టుకుని నానా మాటలూ అన్నాడట. నీలాంటి కుళ్లుబోతు నా వ్యాను నీడ కూడా తొక్కకూడదన్నాడట. ఆ సెక్రటరీ మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడట. ఇంతకీ అసలు సంగతి ఏమిటంటే, వ్యాను నడిపే ఇద్దరు డ్రైవర్లూ ఆ రక్తదానం సంఘం కుర్రాళ్లే. పైసా తీసుకోకుండా వంతులవారీగా నడిపేవాళ్లు. ఇద్దరూ మానేశారు. ఇప్పుడు ఈయనే నడుపుతున్నాడు. "ఈయన కళ్ల సంగతి నీకు తెలుసు కదే," అంది అక్క. "పొద్దుగూకితే ఎదురుగా ఉన్న మనిషి ఆనడు. వెనక పదిమంది రోగులు. నాకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టుంది."

ఇక ఆగే ఓపిక టీచరుకు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి బావగారు వీధిలో వ్యాను కడుగుతున్నాడు. లుంగీ పైకి మడిచి కట్టాడు. కాళ్ల దగ్గర బకెట్టు. అద్దం మీద నురగ. మరదల్ని చూసి, ఏంటోయ్ ఇంత పొద్దున్నే, మా ఆవిడ రాయబారం పంపిందా అని నవ్వాడు. ఆ నవ్వు పోకముందే చెప్పేయాలనుకుంది.

"ఆ రెండు నేనే వేశాను బావగారూ."

ఆయన గుడ్డ పిండుతున్నవాడల్లా ఆగాడు. సరిగ్గా వినలేదేమో అనుకుంది. విన్నాడు. గుడ్డ బకెట్టు అంచు మీద వేసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఎందుకని అడిగాడు. గొంతులో కోపం లేదు, అదే ఆవిడకు భరించరానిదైంది. అయినవాళ్లకు వేసుకుందంటారని అనిపించింది, పైగా సెక్రటరీ కూడా టీ దగ్గర అలాంటి మాటే అన్నాడు అని చెప్పుకొచ్చింది.

"నేను నీకు పది వేశాను," అన్నాడు బావగారు. "నన్నెవరూ ఏమీ అనలేదే."

ఆ పది ఎవరిదో అప్పుడు తెలిసింది. ఇక దాచడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. అదంతా ఉత్తమాట అంది. మీరు గెలుస్తారని భయమేసింది బావగారూ, అంతే. మీ వ్యాను గెలిస్తే నా పిల్లలకు ఏమీ రాదు కదా అని అంది. అనేసి తల దించుకుంది.

బావగారు ఆవిడ వైపు కొత్తమనిషిని చూస్తున్నట్టు చూశాడు.

"నీ పిల్లలకు రాదా?" అన్నాడు. "నేను మాట్లాడింది నువ్వు వినలేదా?"

వినలేదని ఒప్పుకుంది. తన వంతు కోసం చదువుకుంటున్నానంది.

ఆయన వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. కిడ్నీ రోగులకు ఉన్న వ్యాను చాలుననీ, దాన్ని ఎలాగోలా నెట్టుకొస్తాననీ ఆ రోజు అందరి ముందూ చెప్పాడట. తను అడిగింది రెండో వ్యాను. చిన్నది. పట్టాలకు అవతలి కాలనీలోంచి వినపడని పిల్లల్నీ తల్లుల్నీ ఎక్కించుకుని, మందుల షాపు వెనక దించి, పాఠం అయ్యాక పనివేళకు మళ్లీ వాళ్ల వీధిలో దింపడానికి. మా మరదలు ఊరి పిల్లల నోట మాట తెస్తోంది, ఆ పిల్లల్ని ఆవిడ దాకా తేవడం నా వంతు అన్నప్పుడే చప్పట్లు పడ్డాయట. అందుకే సెక్రటరీ ఆవిడను చూసి నవ్వాడు. అందుకే ఎటు తిరిగినా మీకే అన్నాడు. అందుకే ఆవిడ మాట్లాడినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు, వ్యానుకు వేస్తే ఇద్దరికీ వేసినట్టేనని ముందే అనుకుని ఉన్నారు కాబట్టి.

"ముందే చెబితే అక్క నీకు చెప్పేస్తుందని ఆపాను," అన్నాడు. "అందరి ముందూ చెబితే నువ్వు సంతోషపడతావనుకున్నాను."

పిల్లలకు వినడం నేర్పి బతికే మనిషి ఆవిడ. రోజుకు వందసార్లు, విను నాన్నా, ముందు విను అనే మనిషి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.  ఆయన ఫర్వాలేదని అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ఆయన లేచి నీళ్లు గుమ్మరించి నురగ కడిగాడు. ముందు ఆ సెక్రటరీ ఇంటికెళ్లి కాళ్లావేళ్లా పడాలి అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"టైలరమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి. రాలేదని చెప్పడం కాదు. ఎందుకు రాలేదో చెప్పు."

టీచరు సరేనంది.

అంతలో అక్క టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదు, మీ చెల్లెలు వ్యాను కడుగుతానని వచ్చింది అని తడిగుడ్డ తీసి మరదలి చేతిలో పెట్టి, ఆయన టీ కూడా తాగకుండా చెప్పులు వేసుకుని వీధి మలుపు తిరిగిపోయాడు. ఈయనకేం వచ్చిందే అని అక్క ఆశ్చర్యపోయింది. చెల్లెలు తల ఎత్తకుండా అద్దం తుడుస్తుంటే, గ్రాంటు పోయినందుకే దిగులనుకుని, పోనీలేవే, ఇదొక్కటే పోయిందా, మళ్లీ ఇవ్వరా ఏంటి, మళ్లీ ఎప్పుడట అని అడిగింది.

"మూడేళ్లకి," అంది టీచరు.

మూడేళ్లెంతలో వస్తాయి, ఇట్టే వచ్చేస్తాయి అని అక్క ధైర్యం చెప్పింది. అప్పటికి టైలరమ్మ కూతురికి ఏడేళ్లు.